నల్లజీడి గుర్తు

ఒమాన్ దేశంలోని సూర్‌లో పడవలు కట్టే యార్డుకు పోయే దారిలో, రొట్టెల బట్టీ పక్కన జయరాముడి లాండ్రీ ఉండేది. నిజానికి లాండ్రీ అతనిది కాదు, సముద్రం మీద బతికి ముసలివాడైన ఒక కఫీల్‌ది, అంటే వీసా ఇచ్చిన అరబ్బు యజమానిది. ఆయన నెలకోసారి వచ్చి, కుర్చీలో కూర్చుని టీ తాగి, బాగున్నావా అని అడిగి వెళ్లిపోయేవాడు. అందుకని ఊళ్లో అందరూ దాన్ని జయరాం లాండ్రీ అనే పిలిచేవాళ్లు. బోర్డు మీద అరబ్బీలో ఏం రాసి ఉందో పన్నెండేళ్లలో జయరాముడు ఎవర్నీ అడగలేదు.

అతనికి చదువు రాదు. రాయచోటి దగ్గరి పల్లెలో అతని తండ్రికీ రాదు, తాతకీ రాదు. అయినా ముగ్గురి చేతుల్లోనూ ఒక్క గుడ్డ కూడా ఒకరిది ఇంకొకరి ఇంటికి పోలేదు. ఈ మాట చెప్పేటప్పుడు జయరాముడి మెడ కాస్త నిటారుగా అయ్యేది. కానివ్వండి, మనిషన్నాక గొప్ప చెప్పుకోవడానికి ఒకటైనా ఉండాలి కదా, అతనికి ఉన్నది అదొక్కటే.

ఆ గొప్పంతా నల్లజీడి గింజలో ఉంది. గింజను సూదితో గుచ్చి, పుల్ల కొసతో రసం తీసి, చొక్కా కాలరు లోపలో లుంగీ అంచు మీదో చుక్కలూ గీతలూ పెట్టి, పైన తడి సున్నం అద్దితే గుర్తు నల్లగా దిగిపోతుంది. ఆ తర్వాత గుడ్డ చిరిగిపోవాలే తప్ప గుర్తు పోదు. రసం ఒంటికి తగిలితే బొబ్బలు లేస్తాయి. జయరాముడి కుడిచేతి వేళ్ల మీద మచ్చలన్నీ అవే. సెలవుకు ఊరెళ్లినప్పుడల్లా ఒక చిన్న డబ్బా నిండా గింజలు తెచ్చుకునేవాడు. విమానాశ్రయంలో అదేమిటని అడిగితే కడుపునొప్పి మందని చెప్పేవాడు. ఇంతవరకూ ఎవరూ తిని చూడలేదు, అదృష్టం.

ఇస్త్రీ బల్ల దగ్గర పనిచేసే దేవదాసుది అమలాపురం వైపు. అతనికి ఈ గింజల వ్యవహారం చాదస్తంగా కనిపించేది.

“ఏవండీ జయరాం గారూ, ఊరంతా నంబరు కాయితం పిన్ను కొట్టి ఇచ్చేత్తన్నారండీ. మీరింకా ఆ జీడి పట్టుకుని ఏలాడతారేంటండీ?”

“కాయితం నీళ్లలో కరిగిపోతాది దేవదాసూ. ఇది మనం సచ్చినాక గూడా ఉంటాది.”

గుర్తుల లెక్క జయరాముడి తలలో తప్ప ఎక్కడా లేదు. గదికి చుక్కలు, మంచానికి గీతలు. యార్డు వెనక రంగులేసేవాళ్ల గదికి మూడు చుక్కలు. ఆ గదిలో ఆరుగురు. వాకిలి వైపు నుంచి ఎన్నో మంచమైతే అన్ని గీతలు. పోలీసు స్టేషను యూనిఫారాలకు సున్నా, సున్నాలో మనిషిని బట్టి చుక్కలు. ఇదంతా తండ్రి నేర్పిన పద్ధతే. పల్లెలో ఇళ్లుంటే ఇక్కడ గదులున్నాయి, అంతే తేడా. తండ్రి దీనితోపాటు ఇంకొకటి కూడా నేర్పాడు. బట్టల్లో మనం చాలా చూస్తాం, ఎవరింట్లో జబ్బు, ఎవరింట్లో తగాదా అన్నీ తెలుస్తాయి, ఒక గడపలో చూసింది ఇంకో గడపలో చెప్పగూడదు అనేవాడు. గుర్తు పెట్టేది గుడ్డను సొంతదారుకి తిరిగి ఇవ్వడానికే గాని, ఇంకో పనికి కాదనేవాడు. జయరాముడు ఆ మాట మరిచిపోయాడని చెప్పలేం. అవసరం పడకపోవడంతో అది ఎక్కడో అడుగున పడి ఉండిపోయింది.

ఆ రంగుల గదిలో మూడో మంచం జిలానిది. కడప మనిషి, ముప్పై దాటినవాడు, నోటి నిండా మాటలు. పెయింటరు పనని చెప్పి వీసా ఇచ్చారు. దిగాక చూస్తే నిజ్వా దగ్గర ఖర్జూరం తోట, నలభై మేకలు. పలకరించే మనిషి లేడు. ఏడాదిన్నర చూసి, ఒకరోజు బస్సెక్కి సూర్‌కు వచ్చేశాడు. పాస్‌పోర్టు తోట యజమాని దగ్గరే ఉండిపోయింది. ఇట్లా కఫీల్‌ని వదిలేసి బయట పని చేసుకునేవాళ్లని మనవాళ్లు ఖల్లివల్లి అంటారు. పట్టుబడితే జైలు, తర్వాత విమానం, మళ్లీ ఈ దేశంలో అడుగు పెట్టడానికి ఉండదు.

శనివారం పొద్దున గదిలో ఆరుగురి బట్టలూ ఒకే పాత దుప్పట్లో మూటగట్టి భుజాన వేసుకొచ్చేది జిలానీయే.

“ఏం జిలానీ, నీ చొక్కాకు ఒక్క రంగు మరక గూడా ల్యాదే? పని జేస్తాండావా, నిద్రపోతాండావా?”

“మంచి చొక్కా మేకుకు తగిలిచ్చి పనికి దిగుతానన్నా. పనికి ఏరే పాతది ఉండాది. సాయంత్రం మళ్లా మంచిది ఏసుకోని వస్తా. దోవలో చూసేవాళ్లు ఆఫీసరనుకోవల్ల.”

ఆ ఏడాది, అంటే తొంభై ఎనిమిది మార్చిలో, జిలాని ముఖంలో కొత్త కళ వచ్చింది. నిజ్వా యజమాని మెత్తబడ్డాడట. బక్రీదు పండగ అయ్యాక కాగితం మీద సంతకం పెట్టి వదిలేస్తానన్నాడట. సూర్‌లోనే ఒక కంట్రాక్టరు తన పేర పెట్టుకుంటానన్నాడు. “ఇంగొక్క నెల అన్నా. తర్వాత పోలీసోళ్ల ముందర్నే ఈల ఏసుకుంట పోతా” అన్నాడు. జయరాముడికి కూడా సంతోషమేసింది.

ఊరికి పైన సముద్రం ఒడ్డున గ్యాస్ ప్లాంటు పనులు ఊపందుకున్న రోజులవి. ఎక్కడెక్కడి మనుషులో వచ్చిపడ్డారు. దానితోపాటు తనిఖీలూ పెరిగాయి. మస్కట్ నుంచి ఫైళ్లు పట్టుకుని మనుషులు వచ్చేవాళ్లు. వాళ్లకు సూర్ సందులు తెలియవు కాబట్టి స్టేషను నుంచి సార్జెంటు సాలింని వెంట పంపేవాళ్లు. సాలిం ఎనిమిదేళ్లుగా జయరాముడి గిరాకీ. హిందీ బాగానే మాట్లాడేవాడు. యూనిఫారం కోసం కాచుకున్నంత సేపూ ఏదో ఒకటి చెప్పేవాడు.

“దొంగల్ని పట్టడం నా పని జయరాం” అన్నాడొకసారి. “పనివాళ్ల బతాకా కార్డులు చూడటం వాళ్ల పని. వాళ్లకి దారి తెలియదు, నాకు తెలుసు. అందుకని ఇప్పుడు రెండు పనులూ నావే అయ్యాయి.”

ఒక సోమవారం మధ్యాహ్నం భోజనాల వేళ సాలిం మామూలుగానే మాసిన యూనిఫారం చంకన పెట్టుకుని వచ్చాడు. బల్ల మీద యూనిఫారంతోపాటు ఒక నీలం చొక్కా కూడా పెట్టాడు. కాలరు తిప్పి, “ఇది నీదే కదా? నా చొక్కాలో కూడా ఇట్లాంటిదే ఉంటుంది” అన్నాడు.

జయరాముడు చొక్కాను చేతిలోకి తీసుకున్నాడు. పన్నెండేళ్లలో అతని గుర్తుల గురించి ఒక్క మనిషి అడిగిన పాపాన పోలేదు. అడిగింది కూడా ఎవరు, చదువుకున్న మనిషి, భుజం మీద పట్టీలున్న మనిషి. లోపల నుంచి గర్వం పొంగుకొచ్చింది. కాలరు వెలుతురుకు పట్టి, వేలితో ఒక్కొక్కటీ చూపిస్తూ, బడిపిల్లాడు పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పేశాడు.

“నాదే సార్. ఇదిగో మూడు చుక్కలు. యార్డు వెనక రంగులోళ్ల గది. ఈ మూడు గీతలున్నాయే, వాకిలి నుంచి మూడో మంచం.”

దేవదాసు పెద్దగా దగ్గాడు. ఆ దగ్గు విని తలెత్తితే, గుమ్మం బయట నీడలో ఫైలు పట్టుకున్న మస్కట్ మనిషి నిలబడి ఉన్నాడు. ఆ వెనక జీపు. అప్పుడు చూశాడు జయరాముడు చొక్కా వంక సరిగ్గా. దాని మీద ఒక్క రంగు మరక కూడా లేదు.

పొద్దున ఒక కొత్త ఇంటి దగ్గర తనిఖీ జరిగిందనీ, రంగులేసే మనిషి ఒకడు పరంజా మీద నుంచి దూకి పారిపోయాడనీ, మేకుకు తగిలించిన చొక్కా ఒక్కటే దొరికిందనీ తర్వాత తెలిసింది. సాలిం అప్పుడు మాత్రం చొక్కా తీసుకుని, జయరాముడి ముఖంలోకి ఒకసారి చూసి, వెళ్లి జీపెక్కాడు. తెలిసి అడిగాడో, తన చొక్కాలో గుర్తు లాంటిదే కనిపిస్తే ఊరికే అడిగాడో జయరాముడికి ఎప్పటికీ తేలలేదు. ఎట్లా అడిగినా చెప్పింది మాత్రం తనే.

చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదికి పరుగెత్తాడు. రొట్టెల బట్టీ దాటేసరికే జీపు యార్డు మలుపు తిరిగిపోయింది. నలభై ఐదేళ్ల మనిషి, ఆ ఎండలో, జీపుతో ఏం పరుగెత్తుతాడు. అక్కడే ఆగిపోయి వగర్చాడు. అప్పటికి జిలాని సందులన్నీ తిరిగి తిరిగి గదికి చేరి, తన మంచం మీద కూర్చుని అన్నం తింటున్నాడట. చేయి కడుక్కోనిచ్చి తీసుకుపోయారు.

“మీరు నోరు మెదపకండి” అన్నాడు దేవదాసు సాయంత్రం. “నేనూ మెదపను. నాలుగు వారాలు పోతే ఎవడికీ గుర్తుండదండీ.”

కానీ గదిలో వాళ్లు ఊరుకుంటారా? పోలీసులు వచ్చారు, సరే. ఎవర్నీ అడగకుండా, ఎవరి బతాకా చూడకుండా, తిన్నగా మూడో మంచం దగ్గరికే ఎట్లా వచ్చారు? లోపలి మనిషి ఎవరో చెప్పి ఉండాలి. ఆరుగురిలో ఆ పూట గదిలో లేనిది ఖాదర్‌వలి ఒక్కడే, పన్ను నొప్పని ఆసుపత్రికి పోయాడు. పైగా అంతకు వారం ముందే ఫ్యాను ఎటు తిప్పాలన్న దాని మీద అతనికీ జిలానికీ పెద్ద గొడవైంది. ఇంకేం కావాలి. ఫ్యాను గొడవకు మనిషిని పట్టించాడని తేల్చేశారు. ఖాదర్‌వలి ఖురాన్ మీద ఒట్టేస్తానన్నా ఎవరూ వినలేదట.

ఈ సంగతి జయరాముడికి ఎవరూ చెప్పలేదు. బట్టలే చెప్పాయి. శనివారం నాడు దుప్పటి మూట మోసుకొచ్చింది గదికి పెద్దవాడైన నిసార్ అహ్మద్. మూట విప్పితే అందులో నలుగురి బట్టలే ఉన్నాయి. ఖాదర్‌వలి నీలిగళ్ల లుంగీ లేదు. ఎండెక్కాక ఖాదర్‌వలి ఒక్కడూ వచ్చాడు, చేతిలో ప్లాస్టిక్ కవరు.

“ఏం ఖాదరూ, మూటలో ఎయ్యలేదా?” అన్నాడు జయరాముడు.

“నా బట్టలు తగిల్తే వాళ్ల బట్టలు మైలబడ్తాయంట అన్నా” అన్నాడు ఖాదర్‌వలి. నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు.

మరుసటి వారం కవరులో బట్టలు కిరసనాయిలు వాసన కొట్టాయి. చొక్కా ముంజేతుల మీద నూనె చుక్కలు. అంటే ఇప్పుడు వేరే వండుకుంటున్నాడన్నమాట. లుంగీకి ఒక పక్క మట్టి అంటుకుని ఉంది. అంటే బయట వరండాలో నేల మీద కూర్చుని తింటున్నాడు. జయరాముడు ఆ లుంగీని నీళ్లలో ముంచి చాలాసేపు అట్లాగే పట్టుకుని కూర్చున్నాడు. సిగ్గేసింది. చెప్పాలని ఉంది. చెబితే ఏమవుతుందో కూడా తెలుసు. సూర్‌లో తన గిరాకీలు సగం మంది అట్లాంటి గదులవాళ్లే, అందులో ఎందరికి కాగితాలు సరిగ్గా ఉన్నాయో దేవుడికెరుక. పోలీసులకు చెప్పిన లాండ్రీకి ఎవడు చొక్కా ఇస్తాడు? లాండ్రీ పడుకుంటే కఫీల్ వీసా ఎందుకు కొనసాగిస్తాడు? ఇట్లా లెక్కలేసుకుని ఆ వారం కూడా నోరు మూసుకున్నాడు.

మూడో వారం సాలిం వచ్చాడు. ఉతికిన యూనిఫారం తీసుకుంటూ, జీపులో నుంచి ఆ నీలం చొక్కా తెచ్చి బల్ల మీద పెట్టాడు.

“అతన్ని మొన్న విమానం ఎక్కించారు. ఇది జీపులో ఉండిపోయింది” అన్నాడు. అటూ ఇటూ చూసి, మళ్లీ అన్నాడు. “నీ గుర్తులు మస్కట్ వాళ్లకి బాగా నచ్చాయి జయరాం. ఏ గుర్తు ఏ గదిదో నీ చేత కాగితం మీద రాయించి తెమ్మంటున్నారు.”

“నాకు రాయడం రాదు సార్.”

“అదే చెప్పాను వాళ్లకి. జయరాంకి రాయడం రాదు, చదవడం రాదు అని.” చదవడం అన్న మాట దగ్గర సాలిం కళ్లు దించుకున్నాడు. “నీకు వచ్చనుకుని ఇంకెవరైనా అడిగినా రాదనే చెప్పు.” యూనిఫారం చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం జయరాముడు నల్లజీడి డబ్బాకు మూత బిగించి, అటక మీద అన్నిటికన్నా వెనక పెట్టాడు. దేవదాసుని బజారుకు పంపి నంబరు కాగితాలూ పిన్నులూ తెప్పించాడు. దేవదాసు ఎగతాళి చేస్తాడనుకున్నాడు, చేయలేదు. తాత నుంచి వచ్చిన పని అట్లా ఆగిపోయింది. బాధగానే ఉంది, కానీ ఆ రోజు దాన్ని తలచుకుని ఏడ్చే తీరిక కూడా లేకపోయింది. ఎందుకంటే సాయంత్రం ఖాదర్‌వలి వచ్చాడు.

“అన్నా, నా బట్టలకు గుర్తు మార్చు.”

“ఏమయ్యింది?”

“ఆ మూడు చుక్కలు నాకొద్దు. వచ్చే నెల గది ఇడిసిపెడ్తాండా. ఏరే గది సూసుకుంటా. ఎక్కడికి పోయినా ఆ గది గుర్తు నా మెడ కింద ఎందుకు?”

“అది పోదు ఖాదరూ.”

“గీకేస్తే?”

“గుడ్డ చిరుగుతాదే గాని, అది పోదు.”

ఖాదర్‌వలి తలూపి వెళ్లిపోయాడు. వెళ్తూ, పన్ను నొప్పి తగ్గిందా అని ఇంతవరకూ ఎవరూ అడగలేదన్నా అన్నాడు. జయరాముడూ అడగలేదు. ఇంక తన వల్ల కాలేదు.

మరునాడు శుక్రవారం. నమాజు అయ్యాక గదిలో అందరూ భోజనాలకు కూర్చునే వేళ చూసుకుని, ఉతికి ఇస్త్రీ చేసిన నీలం చొక్కా పట్టుకుని యార్డు వెనక్కి వెళ్లాడు. ఖాదర్‌వలి వరండాలో స్టవ్వు ముందు కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నాడు. లోపల నలుగురు. మూడో మంచం మీద ఎవరిదో పెట్టె.

“రా జయరామన్నా, కూసో, తిందువు” అన్నాడు నిసార్ అహ్మద్.

“తినడానికి రాలేదు సాబ్.” వరండాలోకి కూడా వినపడాలని గుమ్మంలోనే నిలబడ్డాడు. చొక్కా కాలరు తిప్పి పట్టుకున్నాడు. “ఇది జిలానీది. ఇవి మూడు చుక్కలు, ఈ గది. ఇవి మూడు గీతలు, అదిగో ఆ మంచం. నేను పెట్టిన గుర్తు. పోలీసోళ్లు తెచ్చి సూపిచ్చినారు. నేనే సదివి చెప్పినా. ఖాదరు ఏ పాపం ఎరగడు.”

అన్నం కలుపుతున్న చేతులు ఆగిపోయాయి. వరండాలో కత్తి చప్పుడు కూడా ఆగింది.

“కొట్టినారా నిన్ను?” అన్నాడు నిసార్ అహ్మద్.

“లేదు.”

“బెదిరిచ్చినారా? వీసా పీకుతామన్నారా?”

అవునంటే సరిపోయేది. ఆ పెద్దమనిషి దారి కూడా చూపిస్తున్నాడు. జయరాముడికి ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

“లేదు సాబ్. అడిగినారు, చెప్పినా.”

“మరి ఎందుకు చెప్పినావు?”

“సదవడం వచ్చునని” అన్నాడు జయరాముడు. “నన్ను ఎవురూ ఎప్పుడూ ఏదీ సదవమని అడగలా. అడిగేతలికి సంబరమైపాయె. ఎనకాల ఎవురున్నారో గూడా సూసుకోలేదు.” అంటూ ఉండగానే ఏడుపొచ్చేసింది, భుజంతో తుడుచుకున్నాడు.

ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. నిసార్ అహ్మద్ చేయి కడుక్కుని లేచాడు.

“చొక్కా ఆ మంచం మీద పెట్టు. కడపకు పోయేవాళ్లతో పంపిస్తాం. ఇంగ నువ్వు పో అన్నా.”

పెట్టి బయటికొచ్చాడు. ఖాదర్‌వలి తలెత్తలేదు. తరిగిన ఉల్లిపాయల వంకే చూస్తున్నాడు. ఉల్లిపాయల వల్లో మరి దేనివల్లో కళ్ల నిండా నీళ్లున్నాయి. జయరాముడు చెప్పులేసుకుని వచ్చేశాడు.

శనివారం దుప్పటి మూట రాలేదు. ప్లాస్టిక్ కవరూ రాలేదు. మాట ఎట్లా పాకిందో గాని, పక్క వీధి మేస్త్రీల గది నుంచీ, చేపల లారీ డ్రైవర్ల గది నుంచీ కూడా ఎవరూ రాలేదు. జయరాముడు అరబ్బులవి ఉన్న నాలుగు తెల్ల దుస్తులూ గంజి పెట్టి ఆరేసి, వచ్చి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆదివారమూ అంతే.

సోమవారం పొద్దున రోడ్డుకు అవతలి పక్క నుంచి ఒక మనిషి నడిచిపోవడం కనిపించింది. భుజం మీద పాత దుప్పటి మూట. మలయాళీ కుర్రాళ్ల కొత్త లాండ్రీ ఉన్న వైపు పోతున్నాడు. మోస్తున్నది ఖాదర్‌వలి. మూట సరిగ్గా కట్టలేదు, ఒక పక్క నుంచి నీలిగళ్ల లుంగీ కొస బయటికి వేలాడుతోంది. దాన్ని ఆనుకుని నిసార్ అహ్మద్ తెల్ల పైజామా కాలు కూడా కనిపిస్తోంది.

ఖాదర్‌వలి లాండ్రీ వైపు చూడలేదు. చూసే మనసు లేదో, చూడొద్దని చెప్పారో. జయరాముడు మాత్రం కుర్చీలో నుంచి లేచి, రొట్టెల బట్టీ దాకా నడిచి, ఆ మూట మలుపు తిరిగేదాకా నిలబడి చూశాడు. మూడు వారాల తర్వాత మొదటిసారి ఊపిరి తిన్నగా ఆడింది.

దేవదాసు ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి బయటికొచ్చాడు.

“పోయిందండీ గిరాకీ. ఆరేళ్ల గిరాకీ” అన్నాడు.

“పోతే పోనీలే దేవదాసూ” అన్నాడు జయరాముడు. “మూట ఒకటే అయింది, సూసినావా?”